బడిపంతులు కట్టిన జట్టు

స్వర్ణోత్సవ సంచిక అంటే బడి జ్ఞాపకాలు, గురువుల స్మృతులు, పాత బ్యాచ్‌ల ఫోటోలు ఉండటం ఆనవాయితీ. వాటి మధ్య ఫుట్‌బాల్ చరిత్రకేం పని అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. పని ఉంది. తెలుగువాళ్ల రాజధానిగా మనం ఎరిగిన హైదరాబాద్‌లో ఒకప్పుడు ఒక జట్టు ఉండేది. ఏటా బొంబాయి వెళ్లి, ఐదేళ్లు వరుసగా రోవర్స్ కప్పు గెలుచుకొచ్చిన జట్టు అది. దాన్ని తీర్చిదిద్దినది విదేశీ కోచ్ కాదు, సైనికాధికారి కాదు. ఒక బడిపంతులు. మన బడి భాషలో చెప్పాలంటే డ్రిల్లు మాస్టారు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 2024లో విడుదలైన ‘మైదాన్’ హిందీ సినిమా పుణ్యమా అని ఆ పేరు ఈ తరానికి కొంత తెలిసింది. అందులో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర ఆయనదే. సినిమా సహజంగానే భారత జట్టు మీద, 1962 జకార్తా బంగారు పతకం మీద దృష్టి పెట్టింది. ఈ వ్యాసం అంతకు ముందరి సంగతి గురించి. జకార్తాలో పండిన పంటకు నారు పోసింది హైదరాబాద్‌లో. ఆ నారుమడి ఎలా తయారైంది, ఎందుకు ఎండిపోయింది అన్నది ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు కలిసి కూర్చున్న ఈ సందర్భంలో తెలుసుకోదగిన విషయం. పటమటలో పెరిగిన మనకు కబడ్డీ, వాలీబాల్, బాల్ బాడ్మింటన్, ఆ తర్వాత క్రికెట్ తెలిసినంతగా ఫుట్‌బాల్ తెలియదు. కనుక ఆ రోజుల్లో ఆట ఎలా జరిగేదో ముందు చెప్పుకుందాం.

ఊరి లీగులు, దేశం కప్పులు

ఇవాళ టీవీలో చూసే దేశవ్యాప్త లీగు అప్పట్లో లేదు. మన దేశంలో జాతీయ లీగు మొదలైంది 1996లో. అంతకు ముందు ఏ పట్టణం లీగు ఆ పట్టణానిదే. కలకత్తా లీగు 1898 నుంచీ నడుస్తోంది. హైదరాబాద్, బెంగళూరు, బొంబాయి, మద్రాసు పట్టణాలకు వాటి వాటి పోటీలు ఉండేవి. సొంత ఊళ్లో గట్టిదనిపించుకున్న జట్టు ఏడాదికి రెండు మూడుసార్లు రైలెక్కి పెద్ద కప్పులకు వెళ్లేది. సిమ్లాలో 1888లో మొదలై తర్వాత ఢిల్లీ చేరిన డ్యూరాండ్ కప్పు, బొంబాయిలో 1891 నాటి రోవర్స్ కప్పు, కలకత్తాలో 1893 నాటి ఐఎఫ్ఏ షీల్డు అప్పటి మూడు పెద్ద పోటీలు. ఓడితే ఇంటికి, గెలిస్తే మరో మ్యాచ్‌కి. దేశంలో ఎవరు మేటి అన్నది తేలేది అక్కడే.

ఈ కప్పుల్లో మొదట తెల్ల సిపాయిల పటాలాలదే పైచేయి. 1911లో మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డు గెలవడం స్వాతంత్ర్యోద్యమ కథల్లో ఒకటైపోయింది. రోవర్స్ కప్పును ఒక భారతీయ జట్టు, బెంగళూరు ముస్లిమ్స్, మొదటిసారి ఎత్తుకున్నది 1937లో. డ్యూరాండ్ కప్పు 1940లో మహమ్మదన్ స్పోర్టింగ్ చేతికి వచ్చింది. ఆ తర్వాత యుద్ధం, దేశ విభజన కారణంగా డ్యూరాండ్ 1950 దాకా జరగలేదు.

ప్రాంతీయ లీగుల మీద ఆట బతకడం మన దేశపు ప్రత్యేకత కాదు. ఫుట్‌బాల్‌కు పెట్టింది పేరైన జర్మనీలో కూడా 1963 దాకా జాతీయ లీగు లేదు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆ దేశంలో ఏ ప్రాంతం లీగు ఆ ప్రాంతానిదే. ప్రాంతీయ విజేతలు చివర్లో కలిసి జాతీయ ఛాంపియన్ ఎవరో తేల్చుకునేవారు. అక్కడ బొగ్గు గనుల ఊరు గెల్సెన్‌కిర్హెన్‌లో షాల్కే 04 అనే జట్టు ఉంది. గని కార్మికుల పిల్లల జట్టు. ఆ పేటలో పుట్టిన ఫ్రిట్జ్ షెపాన్, ఎర్న్‌స్ట్ కుజోరా దానికి రెండు కళ్లు. బంతిని ఎక్కువసేపు కాళ్ల దగ్గర ఉంచుకోకుండా, చిన్న చిన్న పాసులతో ఒకరి నుంచి ఒకరికి తిప్పుతూ ప్రత్యర్థుల తల తిరిగేలా చేసేవారు. ఆ ఆటకు జర్మన్లు పెట్టిన పేరు ‘క్రైజెల్’, అంటే బొంగరం. 1933-34 సీజన్‌లో వెస్ట్‌ఫాలియా ప్రాంతీయ లీగు గెలిచి, బెర్లిన్‌లో జరిగిన ఫైనల్లో న్యూరెంబర్గ్ చేతిలో ఓడిపోతూ, ఆఖరి నిమిషాల్లో షెపాన్ ఒకటి, కుజోరా ఒకటి గోల్ కొట్టి 2-1తో తొలిసారి దేశ ఛాంపియన్లయ్యారు. అక్కడి నుంచి వరుసగా పదకొండు సీజన్లు ఆ ప్రాంతీయ లీగు వారిదే.

ఆ సీజన్‌కు మరో ముఖం కూడా ఉంది. హిట్లర్ గద్దెనెక్కాక మొదలైన మొదటి సీజన్ అది. లీగులన్నిటినీ పదహారు భాగాలుగా కొత్తగా విడగొట్టారు. కార్మిక సంఘాల క్లబ్బులను మూసేశారు. యూదులను క్లబ్బుల నుంచి గెంటేశారు. మొదటి యుద్ధానికి ముందు జర్మనీ తరఫున ఆడిన యూదు ఆటగాడు యూలియస్ హిర్ష్ 1933 ఏప్రిల్‌లోనే తన క్లబ్బును వదలవలసి వచ్చింది. పదేళ్ల తర్వాత ఆయన్ని ఆష్‌విట్జ్ మృత్యు శిబిరానికి పంపారు. ఒక సీజన్ ఎంత బాగా ఆడారన్నదే కాదు, ఆ మైదానంలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అన్నది కూడా ఆట చరిత్రే. హైదరాబాద్ కథ చదివేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నిజాం పట్నంలో బంతాట

సికింద్రాబాద్‌లో బ్రిటిష్ కంటోన్మెంటు ఉండేది. సిపాయిలు ఎక్కడుంటే అక్కడ ఫుట్‌బాల్ ఉంటుంది. కంటోన్మెంటు నుంచి ఆట పట్నంలోని బడులకు, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాకింది. పాత బస్తీలో క్లబ్బులు పుట్టాయి. 1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు ఎస్.ఎం. హాదీ. డేవిస్ కప్ టెన్నిస్ ఆడిన మనిషి, రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టిన మనిషి కూడా ఆయనే. ఒకే వ్యక్తి టెన్నిస్, క్రికెట్ ఆడి ఫుట్‌బాల్ సంఘానికి పెద్దగా కూర్చోవడం ఆ నాటి హైదరాబాద్‌కే చెల్లింది.

నగర పోలీసు శాఖ ఒక జట్టును నడిపేది. మంచి ఆటగాడికి పోలీసు ఉద్యోగం దొరికేది. సాధనకు మైదానం, వేళకు జీతం ఉండేవి. గని జట్టు షాల్కేకు గని ఎలాగో, హైదరాబాద్ జట్టుకు పోలీసు శాఖ అలాగ. పేద ఇంటి కుర్రాడికి ఫుట్‌బాల్ అంటే బువ్వ పెట్టే ఆట అయింది. 1943లో ఈ జట్టు బెంగళూరు వెళ్లి ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించింది. యుద్ధకాలంలో దొరల జట్టు మీద దేశీయ పోలీసులు గెలిచిన ఆ మ్యాచ్‌తో హైదరాబాద్ పేరు బయట వినబడింది.

రహీమ్ మాస్టారు

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా జట్టుకు ఆడారు. యూనివర్సిటీ కుర్రాళ్లు, పూర్వ విద్యార్థులు కలిసి పెట్టుకున్న ‘ఎలెవన్ హంటర్స్’ జట్టులో, స్థానిక లీగులో పేరున్న ఖమర్ క్లబ్బులో ఆడారు. చదువయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవీ ఆయన పనిచేసిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి వచ్చి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత చేపట్టారు.

1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయే వరకూ కార్యదర్శిగా సేవచేశారు. 1950లో సిటీ పోలీస్ జట్టుకు కోచ్ బాధ్యత తీసుకున్నారు. బడిలో పాఠం చెప్పే పద్ధతినే ఆయన మైదానానికి తెచ్చారన్నది నా అభిప్రాయం. దానికి ఆధారం ఆయన పెట్టిన పోటీలే.

ఒకటి, డ్రిబ్లింగ్ లేని పోటీ. బంతిని కాలి దగ్గర పెట్టుకొని ఒక్కడే నలుగురిని తప్పించుకుంటూ పోవడం అప్పట్లో గొప్ప ఆట అనిపించుకునేది. జనం దానికే చప్పట్లు కొట్టేవారు. రహీమ్ దాన్ని నిషేధించి పోటీ పెట్టారు. బంతి వచ్చిందా, పక్కవాడికి అందించి పరుగెత్తు. షాల్కే బొంగరం ఎలా తిరిగేదో, ఇక్కడ బంతి అలా తిరగడం మొదలైంది. రెండు, వాటం లేని కాలితో ఆడే పోటీ. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. మన బడిలో కుడిచేత్తో రాసేవాడిని ఎడమచేత్తో రాయమన్నట్టు అనిపిస్తుంది కాని, కొన్నాళ్లకు ఆ కుర్రాడికి రెండు కాళ్లూ ఒకటే అవుతాయి. అవతలివాడికి అతను ఏ వైపు తిరుగుతాడో తెలియదు.

ఈ రెంటికీ ఖర్చు లేదు. విదేశీ పరికరం అక్కర్లేదు. ఒక బంతి, ఒక మైదానం, పిల్లలకు ఏది రాదో గమనించే ఒక మాస్టారు ఉంటే చాలు. క్రమశిక్షణ విషయంలో ఆయన కఠినుడని, ఆటగాళ్ల కష్టసుఖాల దగ్గర అంత మెత్తనివాడని శిష్యులు చెప్పుకునేవారు. తులసీదాస్ బలరామ్ సంగతే చూడండి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో 1936లో పుట్టిన కుర్రాడు. రోజూ పట్నం వచ్చి సాధన చేయడానికి డబ్బుల్లేక వెనుకాడితే, రానుపోను ఖర్చు రహీమ్ సర్దుబాటు చేశారు. ఆ కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడి అర్జున అవార్డు అందుకున్నాడు.

1950: ఒకే సీజన్‌లో రెండు కప్పులు

1950 నాటి హైదరాబాద్ పరిస్థితి మన తాతల తరానికి బాగా తెలుసు. రజాకార్ల ఆగడాలకు తట్టుకోలేక తెలంగాణ పల్లెల నుంచి బెజవాడ చేరినవాళ్లను ఈ ప్రాంతం ఆదరించింది. 1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగింది. పోలీసు చర్య అని దానికి పేరు. సంస్థానం భారత దేశంలో కలిసింది. ఆ తర్వాత కూడా కొన్ని జిల్లాల్లో ఎదురు కక్షలు, హత్యలు జరిగాయి. మనిషిని మనిషి అనుమానంగా చూసే కాలం. పట్నంలోని ముస్లిం కుటుంబాలకు రేపటి మీద నమ్మకం సన్నగిల్లిన కాలం.

ఆ స్థితిలో, సైనిక చర్య జరిగి రెండేళ్లకు, ముస్లిం ఆటగాళ్లే ఎక్కువగా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఒక ముస్లిం ఉపాధ్యాయుని వెంట బొంబాయి రైలెక్కింది. కూపరేజ్ మైదానంలో రోవర్స్ కప్పు గెలిచింది. ఫైనల్లో ఓడినది బెంగళూరుకు చెందిన ఆర్యన్ జింఖానా. అదే సీజన్‌లో స్వతంత్ర భారతంలో మొట్టమొదటి డ్యూరాండ్ పోటీ ఢిల్లీలో జరిగింది. ఫైనల్లో ఎదురుపడినది మోహన్ బగాన్. 1911 నుంచీ దేశమంతా పూజించే జట్టు. మొదటి మ్యాచ్ సమంగా ముగిసింది. మళ్లీ ఆడించారు. హైదరాబాద్ గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని అనుకునే దేశానికి, దక్కను పీఠభూమి మీద ఇంకో రాజధాని ఉందని ఆ రోజు తెలిసింది.

నా దృష్టిలో ఆ రెండు కప్పుల విలువ ఆటను మించినది. ఇక్కడే జర్మనీ సీజన్ గుర్తుకు రావాలి. అక్కడ 1933లో రాజ్యం మారగానే మైదానం తలుపులు కొందరికి మూసుకుపోయాయి. ఇక్కడ 1948లో రాజ్యం మారింది, కాని మైదానం తలుపు తెరిచే ఉంది. నిజాం పట్నం కుర్రాళ్లు 1950లో హైదరాబాద్ పేరున గెలిచారు. 1951 మార్చిలో భారతదేశం చొక్కా తొడుక్కున్నారు. ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కోచ్ రహీమే. ఫైనల్లో ఇరాన్ మీద సాహూ మేవాలాల్ కొట్టిన గోల్‌తో 1-0తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. అనుమానాలను పోగొట్టడానికి ఉపన్యాసాలు చాలా జరిగి ఉంటాయి. ఆ కప్పులు చెప్పినంత సూటిగా ఏ ఉపన్యాసమూ చెప్పి ఉండదు.

ఒకసారి గెలవడం అదృష్టం అనుకోవచ్చు. 1951, 1952, 1953, 1954, ఈ నాలుగేళ్లూ రోవర్స్ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. 1952 డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడినా, 1954లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ జట్టును ఓడించి డ్యూరాండ్ మళ్లీ తెచ్చుకున్నారు. అంటే 1950లో మాదిరిగానే 1954లోనూ రెండు కప్పులూ ఒకే ఊరికి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, జమాల్, లాయక్ లాంటి పేర్లు కలకత్తా, బొంబాయి పేపర్లలో నలిగాయి.

హెల్సింకి దెబ్బ, మెల్‌బోర్న్ వెలుగు

అంతా గెలుపే కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది చలిలో, తడి నేల మీద వట్టి కాళ్లతో ఆడారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. రహీమ్ మాత్రం బూట్ల దగ్గర ఆగలేదు. ఆ ఒలింపిక్స్ గెలిచిన హంగరీ ఆటను శ్రద్ధగా గమనించారు. ముందు వరుసలో ఉండవలసిన ఆటగాడు వెనక్కి జరిగి బంతి అందుకుంటే, ఎదుటి రక్షకుడు అతని వెంట రావాలా, చోటు వదలకుండా నిలబడాలా అని తికమకపడతాడు. ఆ కిటుకును తన కుర్రాళ్లకు నేర్పారు. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్పులో ప్రసిద్ధం చేసిన 4-2-4 అమరికకు దగ్గరి పద్ధతిని రహీమ్ అంతకు ముందే వాడారని ఆట తెలిసినవాళ్లు అంటారు. ఓడిన పరీక్ష పేపరును పారేయకుండా, ఏ లెక్క తప్పిందో కూర్చుని చూసుకునే ఉపాధ్యాయుని లక్షణం ఇది.

ఫలితం నాలుగేళ్లకు కనబడింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఇటు కృష్ణా తీరంలోనూ, అటు మూసీ ఒడ్డునా కొత్త రాష్ట్రపు సంబరాలు జరిగాయి. ఆ నెలలోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. రహీమ్ జట్టులో బలరామ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్ హైదరాబాద్‌వాళ్లు. డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. అందులో బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ ఉంది. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోల్ మనమే కొట్టాం. ఆ తర్వాత 4-1తో ఓడిపోయాం. నాలుగేళ్ల కింద పది గోళ్లు తిన్న జట్టు మీద ముందంజ వేయడం చిన్న విషయం కాదు. మూడో స్థానం కోసం బల్గేరియాతో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంత పైకి మళ్లీ వెళ్లలేదు.

అదే కాలంలో సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ వరుసగా రెండేళ్లు గెలిచింది. 1956-57లోనూ, 1957-58లోనూ ఫైనల్లో ఓడినది బొంబాయే. 1957లో డ్యూరాండ్ కప్పు మూడోసారి వచ్చింది. ఆ తర్వాత జట్టు పేరు ఆంధ్రా పోలీస్ అయింది. 1959లో హైదరాబాద్ సంఘం, ఆంధ్ర సంఘం కలిసి రాష్ట్ర సంఘంగా ఏర్పడ్డాయి. అంటే కాగితం మీద ఆ జట్టు బెజవాడవాళ్లకూ సొంత జట్టే. ఆ కొత్త పేరుతోనే 1960లో రోవర్స్, 1961లో మోహన్ బగాన్ మీద డ్యూరాండ్ గెలిచారు.

మాస్టారి ఆఖరి పాఠం

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. అయినా జట్టుతో వెళ్లారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయిలాండ్, జపాన్, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గెలిచారు. ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. ఇజ్రాయిల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన దేశ ప్రతినిధి ఒకరు తప్పుపట్టడంతో జకార్తా జనం మన మీద మండిపడుతున్నారు. కిక్కిరిసిన స్టేడియం మొత్తం ఎదుటి జట్టు పక్షమే. తలకు కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందు వరుసలోకి పంపారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1. బంగారు పతకం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే చివరి బంగారం.

1963 జూన్ 11న, యాభై నాలుగేళ్లు నిండకుండానే, రహీమ్ చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో జర్మనీలో ప్రాంతీయ లీగుల మీద ఒక జాతీయ లీగు, బుండెస్‌లీగా, మొదలైంది. ఈ రెండు సంఘటనలకు సంబంధం లేదు. కాని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి బోధపడుతుంది. వాళ్లు ఊళ్లలో ఉన్న క్లబ్బులను తీసేయకుండా వాటి మీదే మేడ కట్టారు. షాల్కే ఆ కొత్త లీగు తొలి పదహారు జట్లలో ఒకటి. మనం మాస్టారు పోయాక పునాదిని కూడా చూసుకోలేదు.

ఎందుకు ఆగిపోయింది

1963 తర్వాత వెంటనే చీకటి పడలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాద్‌వాడు సయ్యద్ నయీముద్దీన్. మహమ్మద్ హబీబ్ 1977లో మోహన్ బగాన్ తరఫున, పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద గోల్ కొట్టాడు. రహీమ్ గారి కుమారుడు ఎస్.ఎస్. హకీమ్ 1960 ఒలింపిక్స్ జట్టులో ఉండి, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. మనుషులు ఉన్నారు. కాని గమనించండి, నయీమ్, హబీబ్ పేరు తెచ్చుకున్నది కలకత్తా క్లబ్బుల్లో. బలరామ్ కూడా 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. డబ్బు, జనం, పేపర్లు అక్కడ ఉన్నాయి. వెళ్లినవాళ్లది తప్పు కాదు. వెళ్లినవాడి చోట్లోకి ఇంకో కుర్రాడు రావాలి. వచ్చేవాడు బడి నుంచి రావాలి. బడిలో అతన్ని గుర్తుపట్టే మాస్టారు, ఆడించే నేల ఉండాలి.

మూడు కలిస్తే హైదరాబాద్ జట్టు అయింది: బడిలో మాస్టారు, ఊళ్లో మైదానం, ఆటగాడికి ఉద్యోగం. మాస్టారి చోటు భర్తీ కాలేదు. మైదానాలు ఒక్కొక్కటీ ఇళ్లు, దుకాణాలు అయ్యాయి. ఉద్యోగం ఇచ్చే శాఖల్లో ఆటకున్న ప్రాధాన్యం తగ్గింది. దేశం క్రికెట్ వైపు తిరిగింది, ముఖ్యంగా 1983 ప్రపంచ కప్పు తర్వాత. ఇందులో దేన్నీ ఒక్కదాన్నే పట్టుకుని ఇదే కారణం అనలేం. మూడు కాళ్ల పీటకు మూడూ ఒకేసారి వదులైతే ఏమవుతుందో అదే అయింది.

2019లో హైదరాబాద్ పేరుతో ఒక కొత్త క్లబ్బు ఇండియన్ సూపర్ లీగులో చేరింది. 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ట్రోఫీ కూడా గెలిచింది. సంతోషమే. కాని డబ్బు పెట్టినవాళ్లు మారారు, ఇబ్బందులు వచ్చాయి, 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. ఊరి పేరు పెట్టుకున్నది ఊరు వదిలి వెళ్లగలదు. ఊరి బడుల్లోంచి పుట్టిన జట్టు ఎక్కడికి వెళుతుంది? 1950 జట్టు గెలిచినా ఓడినా తిరిగి వచ్చేది హైదరాబాద్‌కే. ఆ మనుషుల ఇళ్లు అక్కడే, డ్యూటీ అక్కడే.

మన బడికి ఇందులో ఏముంది

పటమట మన కళ్ల ముందే మారింది. ఒకప్పుడు పొలాలు కనబడిన వైపు ఇవాళ అపార్టుమెంట్లు కనబడుతున్నాయి. బందరు రోడ్డు దాటడమే ఒక ఆట అయింది. ఇప్పటి పిల్లలకు సాయంత్రం ట్యూషన్ ఉంది, పరుగెత్తడానికి చోటు లేదు. టైం టేబుల్లో డ్రిల్లు పీరియడ్ ఉన్నా, పరీక్షలు దగ్గరపడితే లెక్కలవాళ్లో, సైన్సువాళ్లో దాన్ని అరువు తీసుకోవడం ఏ బడిలోనైనా మామూలే. మన పిల్లల మార్కులు పెరిగాయి, కాదనను. ఆట మాత్రం టీవీలో చూసేదిగా మిగిలింది.

రహీమ్ మాస్టారి చరిత్ర చదివితే ఇందుకు కోట్ల రూపాయల స్టేడియం అక్కర్లేదని తెలుస్తుంది. ఆయన పోటీల్లో పెట్టిన షరతులు రెండు వాక్యాల్లో చెప్పవచ్చు: బంతిని నీ దగ్గరే ఉంచుకోకు, రాని కాలితో కూడా ఆడు. ఫుట్‌బాల్ కాకపోతే కబడ్డీ, వాలీబాల్ ఏదైనా సరే. కావలసింది ఆ పీరియడ్‌ను ఎవరూ అరువు తీసుకోకుండా చూడటం, బడి ఆవరణలో మిగిలిన నేలను నేలగా మిగల్చడం, బస్సు ఛార్జీకి లేక సాధనకు రాలేకపోతున్న కుర్రాడిని గుర్తుపట్టి ఆ ఖర్చు సర్దడం. చివరి రెండూ పూర్వ విద్యార్థుల సంఘం చేతిలో ఉన్న పనులు. యాభై ఏళ్లు నిండిన సంఘం ఏం చేయాలని ఈ సంచికలో చాలామంది రాసే ఉంటారు. ఆ జాబితాలో ఈ మూడింటినీ చేర్చమని నా మనవి.

హైదరాబాద్ జట్టు గెలిచిన కప్పులు ఆ ఊరివి, ఆ తరానివి. వాటిని గెలిపించిన మాస్టారు మాత్రం ఉపాధ్యాయులందరికీ చెందినవారు. దేశానికి రెండు బంగారు పతకాలు తెచ్చిన మనిషి బతుకు మొదలైంది బడి గంట కొట్టగానే పిల్లలను వరుసలో నిలబెట్టే ఉద్యోగంతోనే. మన బడిలో రేపు ఉదయం పిల్లలను వరుసలో నిలబెట్టే మాస్టారికి ఈ సంగతి తెలియాలి. పిల్లలకు కూడా తెలియాలి.